అచ్చు కాగేదాకా

మా చర్చిలో నాకు కోపిష్టిదని పేరు. పేరు ఊరికే రాలేదులెండి. అందుకే ఆ ఆదివారం బల్ల దగ్గర నా కోడలు ఇవాంజెలిన్ చేతిలో గిన్నె పగిలినప్పుడు, జనం మొదట దాని చీర వంక చూశారు, వెంటనే నా మొహం వంక చూశారు. నేనేదో కళ్లతో చూసి పగలగొట్టినట్టు!

తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. మా అబిడ్స్ చర్చిలో నెలకు ఒక ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. వరుస వరుసగా లేచి వెళ్లి, చెక్క కటకటాల ముందు మోకరించి, రొట్టెముక్క తీసుకుంటాం. తర్వాత పాస్టర్ అయ్యగారు పళ్లెం పట్టుకొస్తే ఒక్కొక్కరం ఒక చిన్న గిన్నె అందుకుంటాం. బొటనవేలంత గిన్నె. గాజులాగా అవతలిది కనిపించే ప్లాస్టిక్. అందులో ఒక్క గుక్క ద్రాక్షరసం. ఎవరితోనైనా తగాదా ఉంటే సమాధానపడి మరీ బల్లకు రావాలి. మనసులో కుళ్లు పెట్టుకుని ఆ గిన్నె ముట్టుకుంటే మంచిది కాదని మాకు చిన్నప్పటి నుంచీ నూరిపోశారు.

ఆ గిన్నెలు చేసేది మేమే. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మా కార్ఖానా. కార్ఖానా అంటే పెద్దగా ఊహించుకోకండి, ఒక రేకుల షెడ్డు, అందులో ఒకే ఒక్క మిషన్. మా ఆయన జార్జి మెదక్ నుంచి వచ్చిన కొత్తలో పెట్టాడు. ఆ మిషన్ ప్లాస్టిక్ గింజల్ని కరిగించి అచ్చులోకి గట్టిగా నెడుతుంది. చల్లారాక అచ్చు తెరుచుకుని వస్తువు కింద పడుతుంది. ఆ ఇనప అచ్చును మేం డై అంటాం. డై మారిస్తే వస్తువు మారుతుంది. దర్గా దగ్గర అమ్మే అత్తరు సీసాలకు మూతలు, పూజ సామాన్ల దుకాణాలకు అగరుబత్తి స్టాండ్లు, చర్చిలకు బల్ల గిన్నెలు, అన్నీ ఆ ఒక్క మిషన్ మీదే. మూడు మతాల వాళ్లకూ మా ఇంట్లోంచే సరుకు పోతుందని మా ఆయన గొప్పలు చెప్పుకునేవాడు.

ఆ రోజు ఇవాంజెలిన్ నా పక్కనే మోకరించింది. గిన్నె అందుకుంది. పెదవి దాకా కూడా పోలేదు, టిక్కుమని చిన్న చప్పుడు. గిన్నె నిలువునా చీలి, తెల్ల చీర మీద ఎర్రగా ద్రాక్షరసం. నేను మాత్రం నా గిన్నె తాగేసి ఖాళీది చేతిలో పట్టుకుని ఉన్నాను. వెనక వరుసలో ఎవరో "యేసయ్యా" అన్నారు. ఆ పిల్ల లేచి, కొంగు అడ్డం పెట్టుకుని, తల వంచుకుని బయటికి వెళ్లిపోయింది.

గిన్నె పగిలితే పగిలింది, కడిగితే చీర తెల్లబడుతుంది అనుకునేదాన్ని, ముందురోజు ఇంట్లో ఆ గొడవ జరగకపోయి ఉంటే.

జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ రద్దీలో స్కూటర్ దిగబోయి మా ఆయన కాలు జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, దవాఖాన, మంచం. కార్ఖానా బరువంతా మా అబ్బాయి జాబెజ్ మీద పడింది. వాడికి తోడు నేను. ఇవాంజెలిన్‌కు గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగం. మొగుడు రోజూ నూనె మరకలతో, వాడిపోయిన మొహంతో ఇంటికి రావడం చూసి చూసి, ఆ శనివారం అన్నం దగ్గర మెల్లగా అంది.

"అత్తమ్మా, కోపం చేయకున్రి. మామయ్యకు ఇగ చాతకాదు. ఈయన ఒక్కడు ఎంతని చేస్తడు? మిషన్ అమ్మేసి గా జాగ కిరాయికి ఇద్దాం. నా జీతం ఉంది గదా."

తప్పేముంది ఆ మాటలో? ఇప్పుడు అనిపిస్తోంది, ఏమీ లేదని. అప్పుడు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వు బయటిదానివి. ఈ ఇంటి కష్టం నీకేం తెలుస్తది?" అనేశాను. అది తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయింది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. మా ఇంట్లో కాలు జారింది ఆయన, నోరు జారింది నేను.

మర్నాడు సమాధానం లేకుండానే ఇద్దరం పక్కపక్కనే మోకరించాం. పగిలింది దాని గిన్నె. నాది పగల్లేదు.

నేను బయటికొచ్చేసరికి ఇవాంజెలిన్ చర్చి గేటు దగ్గర స్కూటీ మీద కూర్చుని ఏడుస్తోంది. జాబెజ్ పక్కన నిలబడి బిక్కమొహం వేసుకున్నాడు. నేను దగ్గరికి వెళ్లి, "ప్లాస్టికే కదా, పగులుతది. దానికింత రాద్ధాంతమా?" అన్నాను. ఓదార్పు నాకు ఎప్పుడూ అలాగే వస్తుంది, తిట్టినట్టు.

"మీది ఎందుకు పగల్లే మరి?" అని తలెత్తింది. "బయటిదాన్నని మీరన్నరు. దేవుడు కూడా అదే అన్నడు. అందరి ముంగట అన్నడు."

నేను ఆటో పిలుచుకుని ఇంటికొచ్చేశాను.

ఆ వారం నుంచి ఇవాంజెలిన్ చర్చికి వస్తే వెనక తలుపు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. మళ్లీ బల్ల ఉండేది ఈస్టర్‌కే, దానికి రానంది. బ్యాంకులో మెదక్ బ్రాంచికి బదిలీ అడిగానని జాబెజ్‌కు చెప్పింది. వాళ్లమ్మ అక్కడే ఉంటుంది. జాబెజ్ నా దగ్గరికొచ్చి, "అమ్మా, అది పోతే నేను ఈడ ఏం జేయాలె? నువ్వే ఏదో ఒకటి జెయ్" అన్నాడు. చర్చిలో ఆడవాళ్లు నన్ను చూసి తలలూపుతున్నారు, పాపం అత్త మంచిదే, కోడలే ఏదో అని ఉంటుందన్నట్టు. జీవితంలో మొదటిసారి నా తరఫున జనం మాట్లాడుతున్నారు. ఒళ్లు మండిపోయింది! గెలిస్తే కొట్లాడి గెలవాలి గానీ, గిన్నె పగిలి గెలవడం ఏం గెలుపు? పైగా మాట జారింది నేను. దేవుడికి ఎవరి చేతిలో పగలగొట్టాలో తెలియదా?

అప్పుడు మొదలైంది నా తల తిరుగుడు. అసలు గిన్నె ఎందుకు పగిలింది?

చర్చి అలమారలో మిగిలిన పెట్టె తెప్పించి, కార్ఖానాలో టేబుల్ మీద బోర్లించి, ఒక్కొక్క గిన్నె తీసి రెండు వేళ్లతో నొక్కాను. ఒకటి గట్టిగా ఉంది. ఇంకొకటి గట్టిగా ఉంది. మూడోది టిక్కుమని చీలింది. మళ్లీ నాలుగైదు గట్టివి. మళ్లీ ఒకటి చీలింది. చూడ్డానికి అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, నున్నగా, తళతళలాడుతూ. ఒకే డై, ఒకే మిషన్, ఒకే రోజు చేసిన సరుకు. కొన్ని రాళ్లు, కొన్ని అప్పడాలు!

"దానా మంచిది కాదేమో" అన్నాడు జాబెజ్. ప్లాస్టిక్ గింజల్ని మేం దానా అంటాం. కొత్త బస్తా తెప్పించాడు. అదే వరస. మిషన్‌లో కరిగించే వేడి పెంచాడు. గిన్నెలు కాస్త పసుపుపచ్చగా వచ్చాయి, పగలడం మాత్రం పగిలాయి. వేడి తగ్గించాడు. కొన్ని సగం గిన్నెలే వచ్చాయి. నెట్టే జోరు పెంచాడు, తగ్గించాడు. ఏం చేసినా కొన్ని మంచివి, కొన్ని చీలేవి. అంతకన్నా విడ్డూరం, అత్తరు మూతలకు ఏమీ కాలేదు. అగరుబత్తి స్టాండ్లు నేలకేసి కొట్టినా పగల్లేదు. ప్రభువు గిన్నెలకే ఎందుకొచ్చింది ఈ తెగులు? ఈ ముక్క బయటికి పొక్కితే ఇంకేమన్నా ఉందా అని నోరు మూసుకున్నాను.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పుకున్నాను. మంచం మీద దిండుకు ఆనుకుని, కళ్లద్దాలు తుడుచుకుంటూ తాపీగా విన్నాడు.

"నేనున్నప్పుడు ఒక్క గిన్నె పగిలిందా?" అన్నాడు.

"లేదు."

"మరి? ప్రార్థన తక్కువైంది. గంతే."

ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు. మా ఆయన ప్రార్థన సంగతి మీకు తెలియదు. డై మార్చినప్పుడల్లా ప్రార్థన చేయడం ఆయన అలవాటు. కొత్త డై బిగించి, నీళ్ల డబ్బా ఆన్ చేసి, మిషన్ మీద చెయ్యి వేసి కళ్లు మూసుకునేవాడు. ఇక లోకంలో ఎవరినీ వదిలేవాడు కాదు. మెదక్‌లో చుట్టాలు, చాదర్‌ఘాట్‌లో జబ్బుపడ్డ స్నేహితుడు, గౌలిగూడలో సరుకు మోసే హమాలీలు, ప్రభుత్వం, రైల్వే డ్రైవర్లు, మా శత్రువులు, శత్రువుల పిల్లలు. నేను అటు స్టవ్ మీద చాయ్ పెట్టి, కాచి, తాగేసినా ఆయన ఆమెన్ వినపడేది కాదు. జాబెజ్ ప్రార్థన వేరే. "ప్రభువా, పనిని దీవించు, ఆమెన్." ఒంటికాలి మీద నిలబడి చేసేయొచ్చు. నాకు కొడుకు ప్రార్థనే నచ్చేది, నిజం చెప్పాలంటే. దేవుడికి మాత్రం పని ఉండదా?

కానీ ఇప్పుడు మా ఆయన మాటతో నా మెదడు మొద్దుబారింది. ప్రార్థన చిన్నదైతే గిన్నె పగులుతుందా? పగిలితే అన్నీ పగలాలి కదా, కొన్నే ఎందుకు? అత్తరు మూతలకూ అదే ప్రార్థన కదా, వాటికేం రోగం రాలేదేం? పోనీ ప్రార్థన కాదంటే, ఆయన మంచాన పడ్డాకే ఇదంతా ఎందుకు మొదలైంది? ఎటు చూసినా అర్థం కాలేదు. రాత్రి పడుకుంటే కలలో కూడా టిక్కు టిక్కుమని చప్పుడు.

ఈస్టర్‌కు వారం ముందొచ్చే మట్టలాదివారం, దాని ముందు శుక్రవారం. ఈస్టర్ గిన్నెలు చేయాల్సిన రోజు. మా ఆయన వాకర్ పట్టుకుని లేచి, "నన్ను కార్ఖానకు తీస్కపోన్రి" అని పట్టుబట్టాడు. డాక్టర్ కాస్త నడవమన్నాడట. నడవమంటే నాంపల్లి దాకా నడవమనా? ఆటో పిలిచి ఎక్కించుకుపోయాం.

జాబెజ్ గిన్నెల డై బిగించాడు. నీళ్ల డబ్బా ఆన్ చేశాడు. ఆ డబ్బా మా ఆయన సొంతంగా చేయించింది. నీళ్లు వేడెక్కి, గొట్టాల్లోంచి డై లోపల తిరిగి మళ్లీ డబ్బాలోకి వస్తాయి. డబ్బా మీద నీళ్ల వేడి అంకెల్లో కనిపిస్తుంది. అంకె అరవై దగ్గర ఆగగానే జాబెజ్, "అయింది నాయినా, షురూ చేద్దామా?" అన్నాడు.

"ప్రార్థన చేయకుండనా?" అని మా ఆయన వాకర్ వదిలి, మిషన్ పట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.

ఇక మొదలు. చుట్టాలు అయ్యారు. దవాఖాన నర్సులు కొత్తగా చేరారు, ఒక్కొక్కరి పేరూ గుర్తుంది ఆయనకు. ఆటోవాడు చేరాడు. ఎంత చెడ్డా తుంటి విరిగిన మనిషి, పడిపోతాడేమోనని పక్కనే నిలబడ్డాను. నిలబడి నిలబడి కాళ్లు లాగాయి. విసుగొచ్చి డై మీద చెయ్యి ఆనించాను.

చల్లగా ఉంది!

కళ్లు తెరిచి డబ్బా వంక చూశాను. అంకె అరవై. మళ్లీ డై మీద చెయ్యి పెట్టాను. పొద్దున బావిలోంచి తోడిన బిందెలా ఉంది. అంకె తప్పా, నా చెయ్యి తప్పా? అడుగుదామంటే మా ఆయన రైల్వే డ్రైవర్ల దగ్గరున్నాడు. మధ్యలో మాట్లాడితే మళ్లీ మొదటికొస్తాడు. చెయ్యి తీయకుండా అలాగే ఉన్నాను. ప్రభుత్వం అయ్యేసరికి ఇనుము కాస్త గోరువెచ్చనైంది. శత్రువుల దగ్గరికొచ్చేసరికి బాగా వెచ్చబడింది. శత్రువుల పిల్లలు అయ్యి "ఆమెన్" అనేసరికి చెయ్యి ఆనించలేకపోయాను, చుర్రుమంది.

"జాబెజ్!" అని అరిచాను. వాళ్లిద్దరూ అదిరిపడ్డారు. "డబ్బాల నీళ్లు ఎప్పుడో కాగినయి. డై ఇప్పుడు కాగింది. నువ్వు అంకె చూసి షురూ చేస్తవు. డై మీద చెయ్యి పెట్టి చూసినవా ఎన్నడన్న?"

వాడు డై ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నోరు తెరిచి నన్ను చూశాడు, వాళ్ల నాన్నను చూశాడు, డబ్బాను చూశాడు.

ఆ రోజు చేసిన గిన్నెల్లో ఎక్కడెక్కడివో తీసి నొక్కాను. ఒక్కటీ చీలలేదు. అయినా నాకు నమ్మకం కుదరలేదు. మా ఆయన వచ్చాడు, ప్రార్థన చేశాడు, గిన్నెలు బాగా వచ్చాయి. దీన్నిబట్టి ఇనుమని ఎలా చెప్పడం, ప్రార్థన కాదని ఎలా చెప్పడం? మర్నాడు డై బాగా చల్లబడ్డాక జాబెజ్‌ను నిలబెట్టి, "నీ ప్రార్థన నువ్వు చెయ్" అన్నాను. ఒక్క ముక్కలో చేసేశాడు. అంకె అరవై రాగానే మిషన్ నడిపించాడు. మొదట పడ్డ గిన్నెలు వేరే తట్టలో వేశాం. మిషన్ నడిచేకొద్దీ, వేడి వేడి ప్లాస్టిక్ వచ్చి తగిలేకొద్దీ, డై దానంతటదే కాగింది. అప్పుడు పడ్డవి ఇంకో తట్టలో వేశాం. మొదటి తట్టలోవి నొక్కితే టిక్కు, టిక్కు. రెండో తట్టలోవి రాళ్లు.

కొన్ని ఎందుకు మంచివో, కొన్ని ఎందుకు చీలేవో అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ మొదట పడ్డవీ తర్వాత పడ్డవీ ఒకే పెట్టెలో కలిపేసింది నేనే.

"చల్లని పెనం మీద దోసె పోస్తే ఏమైతది?" అన్నాను.

"అదే గానీ, ఇది దోసె లెక్క పైకి కనబడదు అమ్మా" అన్నాడు జాబెజ్, రెండు గిన్నెలూ వెలుతురుకు పట్టి చూస్తూ. "చల్లటి ఇనుము తగల్తనే పైపొర గడ్డకడ్తది. లోపల ఇంకా వేడే ఉంటది. లోపలిది తర్వాత చల్లారి ముడుచుకుందామంటది, పైది ముడుచుకోనియ్యది. రెండు గుంజులాడుకుంటనే ఉంటయి. పైకేమో నున్నగ కనబడ్తది. జర ఒత్తితే చాలు, పటుక్కుమంటది. మూతలది, స్టాండ్లది మెత్తటి ప్లాస్టిక్, తట్టుకుంటది. గిన్నెలది గాజు లెక్క పెళుసు."

పైకి నున్నగా, లోపల గుంజులాట. ఆ ఆదివారం కటకటాల ముందు మేమిద్దరం మోకరించిన తీరు కూడా అదే కదా అనుకున్నాను. పైకి అనలేదు.

ఇంటికెళ్లి మా ఆయనను నిలదీశాను. "నీకు తెల్సా ఇది? డై కాగేదాకా ఆగాలనే అంతసేపు ప్రార్థన చేసేటోనివా?"

"ఏంది తెల్సేది? ప్రార్థన చేసిన, గిన్నెలు మంచిగొచ్చినయి." గర్వంగా అన్నాడు. "నేనేమన్న? ప్రార్థన తక్కువైందన్న. అయిందా కాలేదా?"

ఔననాలా, కాదనాలా? ఇప్పటికీ నాకు తెలియదు.

నాకు కావలసింది ఆయన ఒప్పుకోలు కాదు, ఇవాంజెలిన్. బ్యాంకు నుంచి రాగానే హాల్లో కూర్చోబెట్టి డై, నీళ్ల డబ్బా, అంకె, రెండు తట్టలు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. జాబెజ్ గిన్నెలు నొక్కి చూపించాడు. ఓపిగ్గా విన్నది. చివరికి సన్నగా నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది.

"సరే అత్తమ్మా. కొన్ని గిన్నెలు చల్లటి అచ్చుల చేసినవి, కొన్ని కాగినంక చేసినవి. అన్నీ కలిపి ఒకే పళ్లెంల పెట్టిన్రు. మరి అన్ని చేతులుంటే నా చేతికే చల్లటిది ఎందుకొచ్చింది? ఆ ఆదివారమే ఎందుకొచ్చింది? మీకెందుకు రాలే?"

దీనికి ఏ దానా, ఏ డబ్బా జవాబు చెబుతాయి? ఇంత తిరిగి, ఇంత వెతికి, మళ్లీ మొదటికే వచ్చాం. జాబెజ్ తల గోక్కున్నాడు. ఆ పిల్ల బ్యాగు తీసుకుని లోపలికి లేచింది.

నాకు కోపం వచ్చేసింది. ఎవరి మీదో తెలియదు. "కూసో!" అన్నాను. బీరువా తీసి, నేను బల్లకు కట్టుకునే తెల్ల చీర కట్టుకొచ్చాను. చీలే తట్టలోని గిన్నెలు, ఫ్రిజ్‌లోంచి ద్రాక్షరసం తెచ్చి టేబుల్ మీద పెట్టాను.

"ఏం జేస్తున్నవమ్మా?" అన్నాడు జాబెజ్.

"నీకెందుకు, మూసుకో. ఇది బల్ల కాదు, అయ్యగారు లేడు, వట్టి రసం. ఎందుకొచ్చింది నీ చేతికంటే నాకు తెల్వదు ఇవాంజీ. కానీ నా చేతికి కూడా వస్తది. చూస్తుండు."

ఒక గిన్నె నింపి, వేళ్లతో పట్టుకుని, తాగాను. పగల్లేదు. ఇంకోటి నింపాను. పగల్లేదు. ఇంకోటి. పొద్దున కార్ఖానాలో నొక్కితే అప్పడాల్లా విరిగినవి, ఇప్పుడు ఇనుములా ఉన్నాయి! ఎక్కడ నొక్కుతున్నానో, ఎంత నొక్కుతున్నానో నాకే తెలియడం లేదు. లోపల ఒక మాట తొలుస్తోంది. నిజంగానే దేవుడు నా పక్షాన ఉన్నాడా? ఉంటే ఎంత ఘోరం!

"ఇగ చాలు" అంది ఇవాంజెలిన్. కళ్లలో నీళ్లు. "చూసిన్రు గదా. మీకు పగలదు."

"పగలకపోతే దాని సంగతి నేను చూసుకుంట" అని మరో గిన్నె నింపి పట్టుకున్నాను. తాగలేకపోయాను. "నువ్వు చెప్పింది మంచికే. నీ మొగని కష్టం చూడలేక చెప్పినవు. నాకు భయమైంది. ఆయన మంచంల పడ్డడు, మిషన్ కూడ పోతే ఇంట్ల ఏముంటదని భయమైంది. భయమైతే నాకు కోపమే వస్తది. బయటిదానివన్న. ఆ మాట నాది, దేవునిది కాదు. దేవుని మీదికి నెట్టకు బిడ్డా. ఆ మాట అన్నది నేను, నేనే..."

టిక్కు.

మాటల్లో పడి గిన్నెను పిడికిట్లో బిగించేసినట్టున్నాను. నిలువునా చీలి, రసం మణికట్టు మీదుగా కారి, తెల్ల చీర మీద ఇంత మరక.

"అయ్యో అత్తమ్మా, చీర!" అని ఇవాంజెలిన్ లేచింది. చన్నీళ్లు తెచ్చింది, నిమ్మకాయ తెచ్చింది, నా ముందు నేల మీద కూర్చుని కుచ్చిళ్లు పట్టుకుని రుద్దడం మొదలుపెట్టింది. "ఆరనిస్తే పోదు. నాది ఇంకా పోలే" అంటూ ఏడుస్తూనే నవ్వింది. నేను దాని తల మీద చెయ్యి వేశాను. వద్దనలేదు.

బదిలీ మాట ఎత్తాలని ఉంది, ఎత్తలేదు. రుద్దుతూ రుద్దుతూ తనే అంది. "మిషన్ సంగతి మాత్రం నేను వదిలిపెట్ట అత్తమ్మా. ఈయనకు తోడు ఒక మనిషిని పెట్టాలె. లేకపోతే అమ్మాలె. మళ్ల కొట్లాడ్త."

"కొట్లాడు. ఈడ ఉండి కొట్లాడు" అన్నాను.

ఈస్టర్ నాడు మా ఆయన వాకర్‌తో ముందు వరుసలో కూర్చున్నాడు. పళ్లెంలో ఉన్నవన్నీ డై బాగా కాగాక చేసిన గిన్నెలే, ఒక్కొక్కటీ నేనే చూసి పెట్టాను. ఆ సంగతి నాకు తెలుసు. అయినా మా వరుస లేచినప్పుడు ముందుకే చూస్తూ నడిచాను. వెనక తలుపు వైపు చూడలేదు. చూస్తే, అక్కడే కూర్చుని ఉంటే, ఏం చేయాలో నాకు తెలియదు.

కటకటాల ముందు మోకరించాక పక్కన చీర గరగరలాడింది. ఇవాంజెలిన్ వచ్చి మోకాళ్లూనింది. అదే తెల్ల చీర. కుచ్చిళ్ల దగ్గర లేత గులాబీ రంగు మరక ఇంకా ఉంది. నా చీర మీదా ఉంది, అదే చోట.

పళ్లెం వచ్చింది. తను ఒక గిన్నె తీసుకుంది. లోపల రసం ఊగడం నాకు కనిపిస్తోంది. వెనక ఎవరో దగ్గారు. చర్చి మొత్తం ఆ గిన్నెనే చూస్తోందనిపించింది.

నా గిన్నె పళ్లెంలోనే వదిలేసి, రెండు చేతులూ దోసిలి పట్టి దాని గిన్నె కింద పెట్టాను. పగిలితే నా చేతుల్లో పడనీ అనుకున్నాను. అయ్యగారు పళ్లెం పట్టుకుని ఆగిపోయి నా వంక చూశారు. చూడనీ.

ఆ పిల్ల నా దోసిలి చూసింది, నన్ను చూసింది. గిన్నె ఎత్తి తాగింది. ఒక్క చుక్క కింద పడలేదు. అయినా ఖాళీ గిన్నెను పళ్లెంలో పెట్టేదాకా నేను చేతులు తీయలేదు.